ఒళ్లు కరగనివ్వకు నాయనా



మొన్న అనంతగిరి వచ్చినప్పుడు చూశాను, నీ చొక్కా భుజాల మీద నిలవడం లేదు. పక్కింటామె "సన్నబడ్డాడు, మంచిదేలే, బరువు తగ్గితే జబ్బూ తగ్గుద్ది" అంటే మీ అమ్మ కూడా తలూపింది. డయాలసిస్ వార్డులో నర్సుగా చేసినదాన్ని, ఆ మాట విని ఊరుకోలేక రాస్తున్నా.

మామూలు మనుషులకు లావు ముప్పే. డయాలసిస్ మీదున్న నీ లెక్క వేరు. 1982లోనే ఫ్రాన్సు డాక్టర్లు గమనించారు, డయాలసిస్ మీదున్నవాళ్లలో బక్కపలచని వాళ్లే ముందు పోతున్నారని. తర్వాత అమెరికాలో వేలమందిని చూసినా అదే తేలింది. 2003లో కలంతర్ జాదే అనే కిడ్నీ డాక్టరు దీని మీద పెద్ద వ్యాసమే రాశాడు. కొవ్వు చేసే చేటు పదీ ఇరవై ఏళ్లకు బయటపడుతుంది. ఒళ్లు కరిగితే వచ్చే చేటుకు అంత కాలం పట్టదు. ఒక జ్వరమో ఇన్‌ఫెక్షనో వచ్చి నాలుగు రోజులు ముద్ద దిగకపోతే, గరిసెలో గింజలున్న ఇల్లు కరువుకు తట్టుకున్నట్టు, ఒంట్లో కండ ఉన్నవాడు తట్టుకుంటాడు. అలాగని కొవ్వు పెంచమని కాదు. కొవ్వే కాపాడుతుందా అన్నది డాక్టర్లు ఇంకా తేల్చుకోలేదు. రేపు కిడ్నీ మార్పిడికి వెళ్లినా మరీ లావుంటే తగ్గి రమ్మంటారు. నేను చెప్పేది కండ సంగతి.

మీ ఇంట్లో అసలు చిక్కు పాత పథ్యంతోనే. డయాలసిస్ మొదలుకాక ముందు పప్పు, గుడ్డు, మాంసం తగ్గించమన్నారు, నిజమే. అప్పుడు కిడ్నీల మీద భారం తగ్గించాలి. మిషన్ ఎక్కాక ఆ మాట తిరగబడింది. ఒక్కో డయాలసిస్‌లో ఆరు నుంచి పన్నెండు గ్రాముల అమైనో ఆమ్లాలు మిషన్ నీళ్లలో కొట్టుకుపోతాయి. కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా ప్రోటీన్ కావాలి. నీ 55 కిలోలకు 55 నుంచి 66 గ్రాములు. మీ అమ్మ పెట్టే చారన్నంలో అందులో సగం కూడా ఉండదు. కోడిగుడ్డు తెల్లసొన నీకు అన్నిటికన్నా మేలు, భాస్వరం తక్కువ. చేప, చికెన్ తిను. భాస్వరం తగ్గించే మాత్ర ఇచ్చి ఉంటే అన్నంతోపాటే వేసుకో. 2022లో డయాలసిస్ వాళ్లకు కూడా ఆసరా పింఛను ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. నీకు రాకపోతే దరఖాస్తు పెట్టు, వస్తే ముందు గుడ్లకు ఖర్చుపెట్టు.

ఇక కాటా సంగతి, ఇది బాగా విను. కాటా మీద కనపడేది కండా కావచ్చు, నీళ్లూ కావచ్చు. కండ రెండు కిలోలు కరిగి, ఆ చోట రెండు లీటర్ల నీళ్లు చేరినా ముల్లు అక్కడే నిలబడుతుంది. నీ డ్రై వెయిట్, అంటే అదనపు నీళ్లు తీశాక ఉండాల్సిన బరువు, పాతదే ఉంచి తీస్తుంటే ఆ నీళ్లు లోపలే ఉండిపోతాయి. కాళ్ల వాపు, రాత్రి పడుకుంటే ఆయాసం. తిండి బాగుండి కండ పట్టినప్పుడు ఇది తిరగబడుతుంది. పాత లెక్కకే లాగితే పిక్కలు పట్టేస్తాయి, బీపీ పడిపోతుంది. అందుకని తిండి పెరిగినా తగ్గినా డ్రై వెయిట్ మళ్లీ చూడమని టెక్నీషియన్‌నీ డాక్టర్‌నీ అడుగు. మొహమాటపడకు.

నీళ్లు మాత్రం నీ చేతిలో ఉన్నాయి. డయాలసిస్‌కీ డయాలసిస్‌కీ మధ్య పెరిగే బరువు రెండు కిలోలు దాటనివ్వకు. నీ బరువుకు గంటకు 700 మిల్లీలీటర్లకు మించి లాగితే గుండె మీద పడుతుంది. దాహాన్ని పెంచేది ఉప్పే. ఆవకాయ, ఎండుచేప, అప్పడం మానెయ్. కొబ్బరినీళ్లు చలవని ఎవరిచ్చినా ముట్టుకోవద్దు, అందులో పొటాషియం గుండెను ఆపేస్తుంది.

డాక్టరు వారానికి మూడుసార్లు రమ్మంటే మూడుసార్లూ వెళ్లు, నాలుగు గంటలూ పడుకో. నాట్లు ఉన్నాయని, ఆటో దొరకలేదని ఒకటి మానితే రక్తంలో మలినం పేరుకుని ఆకలి చస్తుంది. తినలేవు, ఇంకా కరుగుతావు. ఆరోగ్యశ్రీ ఉంది, డయాలసిస్‌కు డబ్బు కట్టక్కర్లేదు. కిడ్నీ మార్పిడికి జీవన్‌దాన్‌లో పేరు రాయించే సంగతి కూడా డాక్టరుగారితో మాట్లాడు. ఆ ఆపరేషన్‌కు వెళ్లేవాడికీ కండ కావాలి.

ఈసారి రక్తపరీక్షలో అల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంతుందో నాకు ఫోన్ చేసి చెప్పు. 3.8 కంటే తక్కువుంటే మీ అమ్మకు ఫోన్ ఇవ్వు, నేను మాట్లాడతాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ