సముద్రగుహకు ప్రయాణము

దాగుడుమూత లాడని బాలబాలికలు లేరు. పెద్దవారు సైతము ఆడు దాగుడుమూత లొకటి నేడు పెక్కు దేశములందు వ్యాపించినది. దాని పేరు జియోకాషింగ్. ఇందు దాగునది మనిషి కాదు, ఒక చిన్న పెట్టె. దాచినవాడు ఆ తావుయొక్క అక్షాంశ రేఖాంశములను లోకమునకు ప్రకటించును. వెదకువాడు ఉపగ్రహ సంకేతముల నందుకొను చేతియంత్రముతో బయలుదేరి, పెట్టెను కనుగొని, అందలి పుస్తకమున తన పేరు వ్రాసి, దానిని యథాస్థానమున నుంచి మరలును.

2000 సంవత్సరము మే 2వ తేదీవరకు అమెరికా ప్రభుత్వము ప్రజల కందు సంకేతములలో బుద్ధిపూర్వకముగా కొంత తప్పు కలుపుచుండెను. ఆ దినమున దానిని తొలగించెను. సంకేతము లెంతవరకు నిక్కములో పరీక్షింపగోరి, మరునాడే డేవ్ ఉల్మర్ అను నాతడు ఆరిగన్ రాష్ట్రమున చెట్ల నడుమ ఒక బొక్కెనను దాచి, దాని తావును ప్రకటించెను. ఆట అట్లు పుట్టినది.

చేరుటయందలి కష్టమును 1 మొదలు 5 వరకు అంకెలతో సూచింతురు. ఉద్యానవనమున బల్లక్రింద దాగిన పెట్టెకు 1 చాలును. పడవయో త్రాడో లేనిదే అందని దానికి 5. సముద్రపుటొడ్డు గుహలు ఈ రెండవ తెగకు దగ్గరివి. అట్టి గుహ నొకదానిని తీసికొని ప్రయాణమును ఆలోచింతము.

బ్రిటన్ దేశమున, వేల్స్ దక్షిణతీరమందు గౌవర్ అను ద్వీపకల్పము కలదు. అచటి సున్నపురాతి కొండచరియలో పావిలాండ్ గుహ యున్నది. 1823లో విలియం బక్లండ్ అను ఆచార్యుడు అందు ఎఱ్ఱమన్ను పూసిన యొక అస్థిపంజరమును కనుగొని, అది రోమనుల కాలపు స్త్రీదని తలచెను. పిమ్మటి పరిశోధకులు అది యువకునిదనియు, సుమారు 33,000 సంవత్సరముల నాటిదనియు తేల్చిరి. ఆ హిమయుగమున సముద్ర మచటికి చాల దూరమున నుండెను. నేడు గుహ పాదమును అలలు తాకుచున్నవి. ఇట్టి పురాతన స్థలమున పెట్టె దాచుట తగదు. పెట్టె లేని వేట యొకటి కలదు. అందు శిలలను చూచి, అడిగిన ప్రశ్నలకు ఉత్తరములు వ్రాయవలెను. నా మట్టుకు అదియే మేలైన వేట.

పిల్టన్ గ్రీన్ అను పల్లెనుండి పొలములమీదుగా కాలిబాట పోయి, ఇరుకైన లోయగుండ తీరమునకు దిగును. అచటినుండి పాచిపట్టిన బండలమీద నడచి గుహను చేరవలెను. నీరు బాగుగ తగ్గినపుడే ఆ దారి తెరచుకొనును. ఉపగ్రహములు ఎక్కడ పోవలెనో చెప్పును గాని, ఎప్పుడు పోవలెనో చెప్పవు. కొండచరియ క్రింద వాని సంకేతములు తప్పును. గుహలోపల అసలే అందవు. కావున పటమును చదువ నేర్చి పోవలెను.

సముద్రము పొంగుట పోటు, తగ్గుట ఆటు. మన విశాఖపట్టణమున ఈ రెంటి నడుమ ఎత్తుతేడా రెండు మీటర్లైనను ఉండదు. బ్రిస్టల్ ఛానెల్ అను సముద్రపుపాయ గరాటువలె లోపలికి పోవుకొలది ఇరుకగును. అందుచే నీరు ఎత్తుగ లేచును. అమావాస్యకును పౌర్ణమికిని పిదప ఒకటి రెండు దినములందు గౌవర్ తీరమున తేడా ఎనిమిది మీటర్లు దాటుట కలదు. గుహకు దారి మిక్కిలి విశాలముగ తెరచుకొను దినమే, నీరు మిక్కిలి వేగముగ మరలివచ్చు దినము. చిక్కంతయు ఇందే యున్నది.

నీరు సమవేగముతో పెరుగదు. నావికుల లెక్క యొకటి కలదు. పోటుకు పట్టు ఆరుగంటలలో మొత్తమును పండ్రెండు భాగములు చేసినచో, మొదటి గంటలో ఒక భాగము, రెండవ గంటలో రెండు, మూడు నాలుగు గంటలలో మూడేసి, ఐదవ గంటలో రెండు, ఆరవ గంటలో ఒకటి పెరుగును. ఎనిమిది మీటర్ల తేడాకు లెక్కవేయుడు: మొదటి గంటలో 67 సెంటీమీటర్లు, మూడవ గంటలో రెండు మీటర్లు! నిలువెత్తు మనిషి మునుగును. తొలిగంట నెమ్మదిని చూచి మోసపోయినవా డిక తిరిగిరాజాలడు.

ఇక ప్రయాణము. ఆగస్టు నెలలో ఒకనాడు మిక్కిలి తక్కువ నీరు మధ్యాహ్నము 12-40కి అని పట్టికలో నున్నదనుకొనుడు. అది గ్రీనిచ్ కాలమైనచో, వేసవిలో అచటి గడియారములు ఒక గంట ముందుండును గనుక, నిజమైన వేళ 1-40. పట్టికయే వేసవికాలమును చూపుచున్నచో గంట కలుపరాదు. కలిపినవాడు నీరు పెరుగ నారంభించిన గంటకు గుహకు దిగును! పట్టిక తలకట్టును ఇద్దరు విడివిడిగ చదువుట మంచిది.

11-40కి లోయ చివర చేరి, నీరు తగ్గుట కండ్లార చూడవలెను. సముద్రమునుండి గాలి బలముగ వీచినను, వాయుపీడనము పడిపోయినను నీరు పట్టికను మించి లేచును. అట్టినాడు లోయనుండియే మరలవలెను. దారి తెరచుకొన్నచో పోయి, శిలలను చూచి, 1-40కి తప్పక గుహను విడువవలెను. ఆ పిదప గంట జారిపడినవానికొరకు, బెణికిన చీలమండకొరకు మిగిల్చినది. మరికొంత చూచుటకు గాదు.

బండలమీద జారని జోళ్లు, తలకు గట్టిటోపి, మనిషి కొక దీపము, ఈలయు ఉండవలెను. ఒంటరిగ పోరాదు.

బయలుదేరుటకు ముందు ఇంట ఒక చీటి నుంచవలెను. అందు గుహ పేరు, పోవువారి సంఖ్య, దిగు వేళ, మరలు వేళ వ్రాసి, 3 గంటలలోపల కబురు రానిచో 999కి ఫోను చేసి తీరరక్షకదళమును కోరవలెనని తెలుపవలెను. క్షేమముగ లోయ యెక్కినవారు మొదట చేయవలసిన పని, ఆ చీటి యున్న ఇంటికి కబురంపుట.