బలం చేతుల్లో ఉందా?

జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతాలు నిలిచి ఉన్నదే గ్రానైటు గుట్టల మీద. అక్కడి సినిమాల్లో బండలెత్తే కథానాయకులకూ కొదవ లేదు. 2015లో వచ్చిన ‘బాహుబలి’లో ప్రభాస్ శివలింగాన్ని భుజాన మోసిన దృశ్యం మనలో చాలామంది చూసిందే. వినోదానికి అది బాగానే ఉంది. కాని ఆ ఊపులో వ్యాయామశాలకు పోయి, నేర్చుకోకుండానే బరువు తలపైకి ఎత్తబోతే నడుము పట్టేస్తుంది. కనుక ఈ విషయాన్ని కాస్త లెక్క వేసి చూద్దాం.

ఘనమీటరు గ్రానైటు సుమారు 2,700 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన మీటరు ఎత్తు, అరమీటరు వ్యాసం గల రాతిస్తంభం బరువు 530 కిలోలు. మరి మనిషి తలపైకి ఎత్తగలిగేది ఎంత? 2021లో బుర్కినా ఫాసో దేశపు బలశాలి ఐరన్ బిబీ 229 కిలోల దుంగను ఎత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు.

ఒలింపిక్ పద్ధతులు రెండు. బార్‌బెల్‌ను నేల నుంచి ఒకే ఊపులో తలపైకి తీసుకుపోవడం స్నాచ్. ముందు భుజాల మీదికి తెచ్చి, తర్వాత పైకి నెట్టడం క్లీన్ అండ్ జెర్క్. రెండింటిలోనూ అసలు పని కాళ్ళది, తుంటిది. స్నాచ్‌లో బారు సెకనుకు 2 మీటర్ల వేగం అందుకుందనుకోండి. ఇక లాగకపోతే అది మరో 20 సెంటీమీటర్లు మాత్రమే లేస్తుంది. అందుకు పట్టే కాలం సెకనులో అయిదో వంతు. ఆ రెప్పపాటులోనే క్రీడాకారిణి బారు కిందికి దూరి కూర్చోవాలి. అంటే బరువును పైకి పంపడం సగం పని, తాను కిందికి పోవడం మిగతా సగం!

తర్వాతది నిలకడ. బారు, భుజం, తుంటి, పాదం మధ్యభాగం ఒకే నిలువు గీతలోకి రావాలి. 110 కిలోల బారు భుజానికి 10 సెంటీమీటర్లు ముందుకు జరిగితే, భుజం మీద దాదాపు 108 న్యూటన్-మీటర్ల భ్రామకం పడుతుంది. ఎంత కండ ఉన్నా దాన్ని ఎక్కువసేపు ఆపడం కష్టం. దుంగ లావుగా ఉంటుంది కనుక దాని గరిమనాభి ఇంకా ముందుకు పడుతుంది. అందుకే బలశాలులు ఛాతీని వెనక్కు వాల్చి, దుంగను దానిపై ఆనించి, అప్పుడు కాళ్ళతో తోస్తారు. ఆ వాలు శ్రుతి మించితే భారమంతా నడుము మీదే. ఒకప్పుడు ఒలింపిక్స్‌లో ‘ప్రెస్’ అనే మూడో పద్ధతి కూడా ఉండేది. పోటీదారులు మరీ వెనక్కు వాలిపోతుండటంతో తీర్పు చెప్పడం కష్టమై, 1972 మ్యూనిక్ తర్వాత దాన్ని తీసేశారు.

మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. తన ఒంటిబరువుకు దాదాపు రెట్టింపు బరువును తలపై నిలిపింది ఒట్టి చేతి కండలు కాదు, ఏళ్ళ తరబడి దిద్దుకున్న పద్ధతి.

ఆ మాటకొస్తే, సినిమా శివలింగం భుజం మీద, పాదాలకు సూటిగా ఉండటం శాస్త్రసమ్మతమే. చేతులు ముందుకు చాచి బండ లేపే దృశ్యాలే నమ్మదగనివి.

కాబట్టి మిత్రులారా, మొదట ఉత్త కర్రతో శిక్షకుని ఎదుట నేర్చుకోండి. బారును ఒంటికి దగ్గరగా ఉంచండి. అదుపు తప్పితే పంతానికి పోక, వదిలేసి పక్కకు తప్పుకోండి. తెరమీది వీరుడికి రెండో టేకు ఉంటుంది, మన వెన్నుపూసకు ఉండదు.