పట్టిసీమ ప్రయాణానికి ముందురాత్రి వంట – చద్దిమూటలో ఏమి ఉండవచ్చును, ఏమి ఉండరాదు

గత మాఘమాసంలో మోకాళ్ళ నొప్పికి తైలం పుచ్చుకోవడానికి వచ్చిన ఒక గృహిణి, లేవబోతూ మళ్ళీ కూర్చున్నారు. "ఆచార్యులుగారూ, మా అబ్బాయి స్నేహితులు ఎనిమిదిమంది హైదరాబాదు నుంచి వస్తున్నారండీ. శనాదివారాలు పట్టిసీమ వెళ్ళి, ఒక రాత్రి అక్కడే ఎరిగినవారింట ఉండి వస్తారట. రెండు ఉదయాల ఫలహారమూ నన్నే చేసి కట్టి ఇమ్మంటున్నారు. ముందురాత్రి చేసినది తినవచ్చునాండీ? మీ శాస్త్రంలో చద్దిది పనికిరాదంటారు కదా!" అని అడిగారు. ఆనాడు రోగులు బయట వేచియుండగా పది నిమిషాలలో తోచినది చెప్పి పంపాను. ఆ జవాబు నాకే తృప్తినీయలేదు. ఆమె అడిగిన ప్రశ్నకు కావలసిన సమాధానం ఇక్కడ వివరముగా వ్రాస్తున్నాను.

రాజమహేంద్రవరం నుంచి రోడ్డు-రైలు వంతెన మీదుగా కొవ్వూరు చేరి, తాళ్ళపూడి, గూటాల దాటి పడమటి గట్టు వెంబడి పోతే పట్టిసీమ సుమారు 40 కిలోమీటర్లు. రేవులో పడవ ఎక్కి గోదావరి నడుమ ఉన్న దేవకూట పర్వతానికి పోయి వీరభద్రస్వామిని దర్శించి, మరల గట్టుకు వచ్చేసరికి ఎంత తెల్లవారుజామున బయలుదేరినా ఎనిమిదిన్నర, తొమ్మిది కాకమానదు. కాబట్టి ఇంట్లో మూట కట్టినప్పటి నుంచి విప్పేవరకు నాలుగు గంటల పైచిలుకు కాలం గడుస్తుంది. ముందురాత్రే మూట కట్టితే పది, పన్నెండు గంటలు. ఈ గంటల లెక్కే ఈ పాఠానికి మూలము.

చరక సంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో ఆహారాన్ని విచారించవలసిన ఎనిమిది అంశాలు చెప్పబడ్డాయి: ప్రకృతి, కరణము, సంయోగము, రాశి, దేశము, కాలము, ఉపయోగ సంస్థ, ఉపయోక్త. మన గృహిణులు మొదటి నాలుగింటినీ, అనగా పదార్థపు స్వభావాన్నీ, వండే తీరునూ, కలపడాన్నీ, పరిమాణాన్నీ చక్కగా ఎరుగుదురు. ప్రయాణంలో తప్పు జరిగేది కాలము దగ్గర. ఇంట్లో వండిన పది నిమిషాలకు తిన్న పులిహోరా, పది గంటల తరువాత ఏటి గట్టున తిన్న పులిహోరా శాస్త్రదృష్టిలో ఒకే ద్రవ్యము కావు.

ఇక చద్ది మాట. పర్యుషితాన్నాన్ని భగవద్గీత పదునేడవ అధ్యాయం తామసాహారంలో చేర్చింది, వైద్యులమూ వద్దంటాము. కాని నిన్న చేసినదంతా పర్యుషితం కాదు. నీరు లేకుండా వేయించి, పొడికొట్టి దాచినది ఒక తరగతి. పేలపిండి, కందిపొడి, సున్నుండ ఇందులోనివి. బుద్ధిపూర్వకంగా పులియబెట్టినది రెండవ తరగతి. మన పల్లెల్లో ఒకప్పుడు ప్రతి ఇంటా ఉండే తరవాణి కుండ ఇట్టిదే. శాస్త్రంలో దీని బంధువును కాంజికము అంటారు. తడిగా వండి, పులియబెట్టక, ఎండబెట్టక, ఊరికే మూతపెట్టి ఉంచినది మూడవ తరగతి. పర్యుషితమనే నింద తగిలేది దీనికే. ముందురాత్రి తెల్లగా వండి డబ్బాలో కుక్కిన అన్నమూ, రుబ్బి పెట్టిన కొబ్బరిపచ్చడీ ఈ మూడవ తరగతిలో చేరుతాయి.

కొబ్బరిపచ్చడి పేరెత్తితే నాకొక సంగతి జ్ఞాపకం రాక తప్పదు. సుమారు ముప్పయ్యేళ్ళ క్రిందట, శివరాత్రి వెళ్ళిన తరువాతి ఆదివారం మా వీధివారము పదిహేనుమందిమి పట్టిసీమ వెళ్ళాము. ఇసుకతిన్నెల మీద దుప్పట్లు పరచి మూటలు విప్పారు. ఇడ్లీలు, కారప్పొడి, కొబ్బరిపచ్చడి. పచ్చడిని ముందురాత్రి రుబ్బి, వేడివేడి పోపు పెట్టి, వెంటనే స్టీలు క్యారియరులో బిగించారు. మూత తీసినప్పుడు నా ముక్కుకు ఒక పుల్లని వాసన తగిలింది. ఆ పచ్చడిలో చింతపండు లేదు, పెరుగు లేదు. చేసినావిడ నాకు పెద్దదిక్కువంటి మనిషి. అందరికీ స్వయంగా కొసరి కొసరి వడ్డిస్తున్నారు. ఆమె మనసు నొచ్చుకుంటుందని నేను నోరు మెదపలేదు. నా ఆకులో మాత్రం కారప్పొడి వేసుకొని తిన్నాను.

పదకొండు గంటలయ్యేసరికి ఏడుగురికి వాంతులు మొదలైనాయి. వారిలో డెబ్బై ఏళ్ళు దాటిన మధుమేహ రోగి ఒకరున్నారు. ఆయనను ఇసుకలో మోసుకొని రోడ్డు మీదికి తెచ్చి, వాహనం దొరికి, ఆసుపత్రికి చేర్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. రెండు రోజులు సెలైను ఎక్కించారు. ఆయన కోలుకున్నారు. మూడవనాడు చూడబోతే ఆయన కుమార్తె నన్ను అడిగింది: "అన్నయ్యగారూ, మీరు పచ్చడి వేసుకోలేదు కదా, మీకు ముందే తెలిసిందా?" నాకు జవాబు దొరకలేదు. గురుకులంలో పన్నెండేళ్ళు చదివినది ఆ ఒక్క క్షణం మొహమాటం ముందు అక్కరకు రాలేదు. అప్పటి నుంచి ఎవరి ఇంట ఎంత ఆదరంగా పెట్టినా, వాసనలో తేడా ఉంటే ఉన్నదని చెబుతున్నాను. నలుగురైదుగురు నా మీద అలిగారు కూడా.

ఆధునిక విజ్ఞానం దీనికి కారణం స్పష్టంగా చూపుతున్నది. సుమారు 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వరకు ఉన్న వేడిలో సూక్ష్మక్రిములు త్వరగా పెరుగుతాయి. మూసిన డబ్బాలోని వేడి పదార్థం గంటల తరబడి ఆ మధ్యవేడిలోనే ఉంటుంది. అన్నం విషయంలో మరొక చిక్కు ఉన్నది. బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు ఉడికించినా చావవు; అన్నం గోరువెచ్చగా నిలవ ఉన్నప్పుడు పెరిగి ఒక విషాన్ని పుట్టిస్తాయి. ఆ విషం తిరిగి వేడిచేసినా పోదు. తిన్న గంట నుంచి ఆరు గంటల లోపల వాంతులు మొదలవుతాయి. వండిన తడి పదార్థం రెండు గంటలకు మించి బయట ఉండరాదని, ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటేనని నేటి వైద్యులు అంటారు. మనం చేసే ఏర్పాటంతా ఈ హద్దుకు సాధ్యమైనంత దగ్గరగా ఉండడానికే. మా గురువుగారు మెతుకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి, జిగురు సాగితే పారవేయించేవారు. అది మంచి పరీక్షే గాని ఆఖరు పరీక్ష. జిగురు రాకముందే చెడిన అన్నమూ ఉంటుంది.

మొదటి ఉదయానికి పులిహోర కావాలని పిల్లలు తప్పక అడుగుతారు. ఇక్కడ గుర్తుంచుకొనవలసినది, నిలవ ఉండేది పులుసు గాని అన్నం కాదు. కిలో బియ్యానికి 150 గ్రాముల చింతపండు చిక్కగా పిసికి, పసుపు, ఉప్పు, చీల్చిన పచ్చిమిరపకాయలు వేసి, నువ్వులనూనెలో నూనె పైకి తేలేవరకు ఉడికించి గురువారమే సీసాకెత్తవచ్చును. అన్నం మాత్రం శనివారం తెల్లవారుజామున నాలుగింటికి బిరుసుగా వండి, వెంటనే వెడల్పు పళ్ళెంలో పలుచగా పరచి, రెండు చెంచాల నూనె చల్లి, పంకా క్రింద పూర్తిగా ఆరనీయవలెను. ఆరిన తరువాతే పులుసు, పోపు కలపవలెను. చేతితో కలిపితేనే పులిహోరకు రుచి అనే మాటను నేను కాదనను. కాని చేతివ్రేలికి చిన్న పుండున్నా గరిటెతో కలపండి. వాంతులు పుట్టించే మరొక క్రిమి ఆ పుండులోనే ఉంటుంది. తొమ్మిది, మించితే తొమ్మిదిన్నరలోగా తినివేసి, మిగిలితే మధ్యాహ్నానికి దాచవద్దు. పులుపు క్రిములను కొంత నిలవరిస్తుందన్నది నిజం, పూర్తిగా ఆపుతుందన్నది కాదు.

పిత్తప్రకృతివారికి, గుండెలో మంట ఉన్నవారికి ఉదయాన్నే ఇంత పులుపు కూడదు. వారికి మన గోదావరి జిల్లాల దిబ్బరొట్టెను మించినది లేదు. 300 గ్రాముల మినపప్పు నాలుగు గంటలు నాననిచ్చి గట్టిగా రుబ్బి, 600 గ్రాముల బియ్యపురవ్వ కడిగి పిండి కలిపి, ఉప్పు, జీలకర్ర వేసి శుక్రవారం రాత్రి ఫ్రిజ్‌లో పెట్టవలెను. తెల్లవారుజామున మందపాటి మూకుడులో నూనె పోసి, రెండంగుళాల మందాన పిండి పరచి, మూతపెట్టి సన్నని సెగ మీద ఎర్రగా కాల్చి, తిరగవేసి రెండవ వైపు కూడా కాల్చవలెను. దింపిన వెంటనే డబ్బాలో పెడితే ఆవిరికి తడిసి ఆ పెచ్చు గుణమే పోతుంది. బట్ట మీద ఆరబెట్టి అరటాకులో చుట్టవలెను. మినుము గురువు, స్నిగ్ధము, వాతహరము. కొండ మెట్లెక్కి వచ్చినవారికి ఒక పెద్ద ముక్క చాలును, రెండవ ముక్క తిన్నవారు పడవలో కునుకు తీస్తారు. కోనసీమవారైతే ఇడ్లీపిండిని పనస ఆకుల బుట్టల్లో పొట్టిక్కలుగా ఉడికిస్తారు. ఆ ఆకే గిన్నె, ఆ ఆకే మూత. ప్రయాణానికి అంత అనువైన వంట మరొకటి నేను చూడలేదు.

నంజుడుకు అల్లం పచ్చడి చేయండి. 100 గ్రాముల అల్లం ముక్కలను తేమ పోయేవరకు నూనెలో వేయించి, మరిగిన నీటిలో నానిన 100 గ్రాముల చింతపండు, 150 గ్రాముల బెల్లం, 50 గ్రాముల వేయించిన ఎండుమిరపకాయలు, ఉప్పు చేర్చి, పచ్చినీరు తగలకుండా నూరవలెను. అల్లం జఠరాగ్నిని మేల్కొలుపుతుంది గనుక మినుముకు సరియైన జోడు.

దద్ధోజనం గురించి ఒక్క మాట. వేడి అన్నంలో కాచిన పాలు ఎక్కువగా పోసి మెదిపి, గోరువెచ్చనైన తరువాత చెంచాడు పెరుగు కలిపి తీసుకొనిపోతే తినే వేళకు కమ్మగా తోడుకుంటుంది. మన పెద్దలు నేర్పిన చక్కని ఉపాయమిది. అయితే చాలామంది ఉప్పు కూడా అప్పుడే కలుపుతారు. పాలు, ఉప్పు విరుద్ధ సంయోగము. తోడుకున్నాక, తినబోయే ముందు ఉప్పు వేసుకొనవలెను. దీనిని కూడా తెల్లవారుజామునే చేయాలి, ముందురాత్రి కాదు.

రెండవ ఉదయానికి, అనగా ఆదివారానికి, తడి పదార్థమేదీ ఇంటి నుంచి పంపరాదు. ఉప్పుడుపిండి పొడిగా తయారుచేసి పంపండి. కిలో బియ్యపురవ్వను కొద్ది నూనెలో కమ్మని వాసన వచ్చేవరకు వేయించి, అందులోనే ఆవాలు, మినపప్పు, సెనగపప్పు, ఎండుమిరప, ఇంగువ, గలగలలాడేటట్లు ఎండిన కరివేపాకు పోపు కలిపి, చల్లార్చి డబ్బాకెత్తితే పదిరోజులు నిలుస్తుంది. 150 గ్రాముల పెసరపప్పు వేరే పొట్లం కట్టండి. అక్కడ పొయ్యి మీద రవ్వకు రెండింతల నీరు మరిగించి, పప్పు ముప్పాతిక ఉడకగానే ఉప్పు, రవ్వ పోసి మూతపెడితే పావుగంటలో ఎనిమిదిమందికి వేడి ఫలహారం. పప్పుదినుసులలో పెసలు మిక్కిలి లఘువైనవి. శనివారం రాత్రి ఆలస్యంగా భుజించినవారికి ఆదివారం ఉదయం ఇదే తగినది.

అటుకులు తేలికని అందరూ అనుకుంటారు. చరకుడు మాత్రం వాటిని గురువులనే చెప్పి, వేయించి కొద్దిగా తినమన్నాడు. తేలికైనవి పేలాలు. పొయ్యి దొరకని పక్షంలో పేలపిండి, బెల్లం, మరిగించి చల్లార్చిన నీరు కలిపి తాగితే వెంటనే బడలిక తీరుతుంది. సున్నుండలు ఒక్కొక్కరికి ఒక్కటి చొప్పున పెట్టండి. స్నేహితులలో మధుమేహం ఉన్నవారుంటే వారికి బెల్లపువి పెట్టక, ఉప్పుడుపిండిని వేళకు అందించండి. ఇన్సులిను తీసుకొనేవారు దర్శనం తరువాత తినవచ్చులెమ్మని ఆకలితో కొండ ఎక్కరాదు. ముప్పయ్యేళ్ళ వయసులో మధుమేహం నేడు అరుదు కాదు గనుక ముందుగానే అడిగి తెలుసుకోండి.

భోజనం చేసేటప్పుడు మాటలాడక, నవ్వక, మనసు పెట్టి తినమని శాస్త్రం. ఎనిమిదిమంది మిత్రులు ఏటి గట్టున కూర్చుంటే ఇది సాగదని నాకు తెలుసును. కనీసం మొదటి ముద్దకు ముందు ఒక చిన్న అల్లం ముక్క సైంధవ లవణంతో నమలమనండి, ఆ నమిలేంతసేపైనా మాట ఆగుతుంది. త్రాగడానికి ఏటినీరు వద్దు. కాచి వడబోసినది ఇంటి నుంచే మోసుకొనిపోవలెను.

ఇన్ని చేసినా ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయితే చూర్ణాల కోసం వెదుకవద్దు. శుభ్రమైన లీటరు నీటిలో ఆరు సమచెంచాల పంచదార, అర సమచెంచా ఉప్పు కరిగించి, గుక్కెడు గుక్కెడుగా పట్టండి. చెంచా అనగా టీచెంచా. ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు సంచిలో ఉంటే మరీ మంచిది. మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా, మలంలో రక్తం కనిపించినా, నీరు కూడా నిలవకపోయినా, వృద్ధులకూ గర్భిణులకూ పసిపిల్లలకూ అయితే మొదటి గంటలోనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

ఆ గృహిణి మొన్న తైలానికి మళ్ళీ వచ్చారు. దిబ్బరొట్టె కోసం కుర్రవాళ్ళు కొట్టుకున్నంత పని చేశారట. పులిహోర కొంత మిగిలితే, సాయంత్రం తిందామని ఒకతను డబ్బా మూత పెట్టబోగా, ఆమె కుమారుడు తీసుకొనిపోయి పారబోశాడట. "అంత నూనె, జీడిపప్పు వేశానండీ, ప్రాణం ఉసూరుమంది" అన్నారు ఆమె. ఈసారి అరకిలో బియ్యమే వండమని చెప్పాను.