ఘాటెక్కుటకు తేలికైన గేర్లు

ప్రశ్న: నా రోడ్డు సైకిలునకు ముందు 50/34, వెనుక 11–28 పండ్లున్నవి. సామానుతో అనంతగిరి ఘాటు మీదుగా అరకు పోవ సంకల్పము. ఏమి మార్పింపవలెను?

జవాబు: మీ సైకిలు పందెపు వేగమునకై కూర్చబడినది. 34కు 28 పండ్ల మీద పెడలొక్క చుట్టు తిరుగునప్పటికి వెనుక చక్రము ఒకటింబాతికకు కొంచెము తక్కువ చుట్లు తిరుగును గావున, బరువుతో నిడుపైన ఎత్తులెక్కువారికి ఆ గేరు దుర్భరమే. 11–34 క్యాసెట్టు వేసినచో చుట్టుకు చుట్టు సరిపోవును. అయితే కొనుటకు ముందు వెనుక డిరైలరు కేజు పొడవును పరిశీలింపుడు. షిమానో 105 ఆర్7000 శ్రేణిలో పొట్టి కేజు గలది 30 పండ్లకు, పొడుగుది 34 పండ్లకు నిర్ణీతమైనవి. పాత చైనునే ఉంచి, ముందు వెనుకల పెద్ద పండ్ల చక్రములపై ఒక్కమారుగా వేసితిరా, చైను చాలక డిరైలరే విరుగవచ్చును. కొత్త చైను కొలిపించి వేయించుట మేలు. (ఈ ఖర్చును దుకాణములవారు ముందుగా చెప్పరు!) అంతటితోను తృప్తి కలుగనిచో 46/30 క్రాంకు కలదు, దానికి ముందు డిరైలరును కొంత దింపి బిగింపవలెను. దిగుడులో వేగము తగ్గునను చింత వలదు, సామానుతో ఆ మలుపులలో బ్రేకులకే పని ఎక్కువ. పదునొకండు గేర్ల రోడ్డు హబ్బుపై షిమానో 11–34 క్యాసెట్టు వెనుక 1.85 మి.మీ. స్పేసరు పెట్టించుట మరువకుడు. అది లేనిచో క్యాసెట్టు వదులుగా ఆడును.