రెక్కలుండీ ఎగరని చిలుక

చిలుక అనగానే మనకు స్ఫురించేది ఎర్రని ముక్కు, ముద్దు పలుకు, చెట్టు నుండి చెట్టుకు దూసుకుపోయే పచ్చని మెరుపు. న్యూజిలాండు దేశపు కకాపో కూడా చిలుకల కుటుంబానికి చెందినదే. కాని అది ఎగరలేదు. పగలు నిద్రించి రాత్రివేళ నేలపై సంచరిస్తుంది. మగపక్షి నాలుగు కిలోల వరకు తూగుతుంది; చిలుకలలో ఇంతకంటె బరువైనది లేదు. అక్కడి ఆదివాసులైన మావోరీల భాషలో 'కాకా' అంటే చిలుక, 'పో' అంటే రాత్రి. ఏ పండితుడైనా ఇంతకంటె చక్కని పేరు పెట్టగలడా?

మానవుడు అడుగుపెట్టక పూర్వం ఆ ద్వీపాలలో గబ్బిలాలు తప్ప భూచర క్షీరదాలు లేవు. కకాపోకు శత్రువులు గద్దల వంటి వేటపక్షులే. అవి కంటితో వెదకి వేటాడేవి. నాచురంగు ఈకలతో పొదలలో కదలక మెదలక నిలిచిన పక్షి వాటి చూపుకు చిక్కేది కాదు. ఆ నిశ్చలత్వమే దానికి కవచం. కాని మావోరీలతో కుక్కలు, ఎలుకలు వచ్చాయి. ఐరోపావారితో పిల్లులు వచ్చాయి. కుందేళ్ళ బెడద తీర్చడానికని 1880 ప్రాంతాలలో ముంగిసను పోలిన స్టోటు అనే మృగాన్ని కూడా తెచ్చి వదిలారు. ఇవన్నీ వాసన పట్టి వేటాడేవి. కకాపో శరీరమా, దూరానికే తెలిసే పరిమళం గలది! ఆపద ఎదురైనపుడు అది పూర్వాచారం ప్రకారం నిలిచిపోతుంది. వేటాడే మృగానికి ఇంకేమి కావాలి?

ఈ ప్రమాదాన్ని తొలినాళ్ళలోనే గుర్తించినవాడు రిచర్డు హెన్రీ. 1894లో రిసల్యూషన్ దీవికి సంరక్షకుడుగా నియమితుడై, కొన్ని వందల పక్షులను పట్టి పడవలో ఆ దీవికి చేర్చాడు. 1900లో అక్కడ స్టోటు కనిపించింది. అది ఈదగలదు. ఆయన శ్రమ అంతా వృథా అయింది.

1970 తరువాత ఫియోర్డ్‌లాండు కొండలలో వెదకగా దొరికినవన్నీ మగపక్షులే. జాతి అంతరించినట్లేనని అనుకుంటుండగా 1977లో స్ట్యూవర్టు దీవిలో మరికొన్ని కనిపించాయి. 1980లో వాటిలో ఆడపక్షులున్నట్లు తేలింది. అక్కడ పిల్లులు వాటిని చంపుతుండటంతో అన్నింటినీ శత్రురహితమైన చిన్న దీవులకు తరలించారు. అయినా 1995 నాటికి మిగిలినవి 51 మాత్రమే.

ఇక్కడ ఒక విచిత్రాన్ని మనం గమనించాలి. రిము వృక్షాలు విరగకాచిన ఏడు మాత్రమే కకాపోలు గుడ్లు పెడతాయి. అది రెండు నుండి నాలుగేళ్ళకొకసారి. సంతానం పెరుగుతుందని వాటికి అదనంగా ఆహారం పెట్టారు. పుష్టిగా తిన్న తల్లులకు మగపిల్లలే ఎక్కువ పుట్టసాగాయి! జాతికి కొరత ఆడపక్షులది. కారణం గ్రహించి, తల్లి బరువును బట్టి మేత కొలిచి పెట్టిన మీదట 2002లో 24 పిల్లలు బతికాయి. వాటిలో ఆడవే ఎక్కువ.

2022లో సంఖ్య 252కు చేరింది. ప్రతి పక్షికీ ఒక పేరున్నది. వీపున రేడియో యంత్రమున్నది. కాని దగ్గరి రక్తసంబంధం వల్ల సగం గుడ్లయినా పొదగబడటం లేదు. అందుకే ఫియోర్డ్‌లాండులో 1975లో దొరికిన ఒక మగపక్షికి అంతటి విలువ వచ్చింది. దానికి రిచర్డు హెన్రీ పేరే పెట్టారు. స్ట్యూవర్టు దీవి సంతతితో కలవని రక్తం దానిదొక్కటే. 1998లో అది మూడు పిల్లలకు తండ్రి అయింది, 2010లో మరణించింది.