రాస్ప్‌బెరీ కాండముల కత్తిరింపు

ప్రశ్న: సియాటిల్‌లో మా పెరటి రాస్ప్‌బెరీ పొదను నిరుటి శీతకాలమున మొదలంట నఱికితిమి. ఈ వేసవిలో ఒక్క పండైనను కాయలేదు. కారణమేమి?

జవాబు: రాస్ప్‌బెరీ వేరు చిరకాలజీవియే గాని, కాండమునకు ఆయువు రెండేండ్లే: మొదటి యేట ఆకులతో పెరిగి, శీతకాలమున నిద్రించి, రెండవ వేసవిని ఫలించి, అంతటితో ఎండిపోవును. మీరు నఱికినవి పంట మోయవలసిన కాండములే. ఇకమీదట కోత ముగియగనే, కాచి ముదిరిన కాండములను మాత్రమే నేలమట్టమునకు ఛేదించి, పచ్చనివానిలో బలిష్ఠములైనవానిని అడుగునకు నాలుగైదు చొప్పున నిలిపి, తీగెకు కట్టుడు. శరత్తున కాయు ‘హెరిటేజ్’ వంటి రకములకైనచో మీ పద్ధతియే తగును. అవి ఆ యేటి కాండములపైననే ఫలించును. నేను మిక్కిలి నొక్కి చెప్పునది నీటి విషయము: అచ్చటి శీతకాలపు వానలకు పొద మొదలున నీరు నిలిచినచో వేరుకుళ్లు సోకును, కావున ఎత్తైన మడి కట్టుడు. ఈ యేడు మొలచిన కాండములను ముట్టకుడు; వచ్చు జూలైలో కాయునవి అవియే.