ఆచార్య రంగా పార్లమెంటు జీవితం – ఒక పరిశీలన

ప్రజాప్రతినిధి విలువను అతడు సభలో గడిపిన సంవత్సరాలతో కొలవవచ్చునా? అమెరికా ప్రతినిధుల సభలో మిషిగన్ రాష్ట్రానికి చెందిన జాన్ డింగెల్ 1955 నుండి 2015 వరకు, అనగా 59 సంవత్సరాలు, సభ్యులుగా ఉన్నారు. ఒకే పార్టీ తరఫున ఒకే ప్రాంతం ఆయనను పదేపదే ఎన్నుకొన్నది. ఇందుకు సాటి రాగల దీర్ఘసేవ మన గుంటూరు జిల్లా వారికీ ఉన్నది. కాని ఆ సేవ సాగిన తీరు వేరు. ఆ భేదాన్నే ఇచ్చట పరిశీలిద్దాం.

గోగినేని రంగనాయకులు గారు 1900 నవంబరు 7న నిడుబ్రోలులో రైతు కుటుంబంలో జన్మించారు. ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం అభ్యసించి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులైనారు. 1930లో కేంద్ర శాసనసభలో ప్రవేశించారు. 1936లో లక్నోలో వెలసిన అఖిల భారత కిసాన్ సభ స్థాపకులలో ఆయన ఒకరు. స్వగ్రామంలో రైతాంగ విద్యాలయం నెలకొల్పి, రైతు కార్యకర్తలకు రాజకీయ శిక్షణ ఇప్పించారు. రాజ్యాంగ పరిషత్తులోనూ సభ్యులైనారు.

ఆయన జీవితంలో కీలకమైన ఘట్టం 1959లో వచ్చింది. ఆ సంవత్సరం నాగపూరు కాంగ్రెసు మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని ఆమోదించింది. భూమిపై రైతుకు గల హక్కు దీనివలన నామమాత్రమవుతుందని రంగా గారు భావించారు. అధికార పక్షాన్ని వీడి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీని స్థాపించి, దానికి అధ్యక్షులైనారు. అంతకు పూర్వం 1957లో తెనాలి నుండి గెలిచిన ఆయన, తదుపరి 1962 ఉపఎన్నికలో చిత్తూరు నుండి, 1967లో శ్రీకాకుళం నుండి లోక్‌సభకు వెళ్ళారు. 1971లో పరాజయం పొందారు. తరువాత కాంగ్రెసులోకి మరలివచ్చి, 1980, 1984, 1989 ఎన్నికలలో గుంటూరు నుండి వరుసగా విజయం సాధించారు. రాష్ట్రమంతటా తెలుగుదేశం ప్రభంజనం వీచిన 1984లో సైతం ఇచ్చటి ఓటర్లు ఆయనను విడువలేదు.

పక్షాలు మారినా ఆయన పలికిన మాట రైతు మాటయే. అయితే విమర్శకుల ప్రశ్నను కూడ మనం వినవలెను. ఆయన కాపాడదలచిన 'రైతు'లో సెంటు భూమి లేక, మిరప తోటలో కాయ కోసే కూలీకి, పత్తి తీసే స్త్రీకి ఎంత చోటున్నది? కౌలుదారుని మాటేమి? భూమి గలవాని హక్కును రక్షించినంత మాత్రాన పొలంలో శ్రమించేవారందరి హక్కులూ రక్షింపబడవు. ఈ ప్రశ్న మన మైదానాలలో నేటికీ సజీవంగానే ఉన్నది.

1991లో పద్మవిభూషణ పురస్కారం అందుకొన్న రంగా గారు 1995 జూన్ 9న దివంగతులైనారు. గుంటూరు చెంత లాంలో ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయం నేడు ఆయన పేరు వహించి ఉన్నది.

విద్యార్థులారా! రేపు మీరు ఓటర్లు. మీలో కొందరు ప్రతినిధులు. ఎవరు ఎన్నేళ్ళు సభలో కూర్చున్నారని మాత్రమే లెక్కింపకండి. ఎవరి కొరకు మాట్లాడారు, అందుకై ఏమి వదులుకొన్నారు, ఎవరిని మరచారు అని కూడ అడగండి. దీర్ఘసేవకు సరియైన కొలమానం అదియే.